గ్రీకు పర్ఫెక్ట్ క్రియను విప్పి చదవడం ఎలా?

"తెతెలెస్తై అంటే అసలేమిటి? అది ఏ కాలం?" యోహాను సువార్త 19:30లో సిలువ మీద యేసు పలికిన ఈ మాట గురించి ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆ తర్వాత గెగ్రప్తై (రాసి ఉంది) గురించి, తెథ్నేకెన్ (చనిపోయి ఉన్నాడు) గురించి, హెస్తేక (నిలబడి ఉన్నాను) గురించి అడుగుతారు. ఇవన్నీ ఒకే తరహా రూపాలు. పురాతన గ్రీకు వ్యాకరణంలో ఈ రూపాన్ని పర్ఫెక్ట్ అంటారు. ఒక్కో మాటకు విడిగా జవాబు చెప్పుకుంటూ పోవడం కంటే, ఏ పర్ఫెక్ట్ ఎదురైనా మీరే విప్పుకోగలిగే పద్ధతి ఇక్కడ వరసగా చెబుతాను.

షరతు ఒక్కటే. రూపం ఏమిటో తేలేదాకా అర్థం జోలికి పోకండి. తప్పుల్లో చాలా భాగం ఈ వరస తారుమారు కావడం వల్ల వచ్చేవే.

1. మొదలుపెట్టే ముందు

దగ్గర ఉంచుకోవలసినవి:

- గ్రీకు అక్షరాలు 24 చదవగలగడం. వేగం అక్కర్లేదు, తడబడుతూ చదివినా చాలు.
- ధాతువుల ఆరు మూలరూపాలు (మిగతా రూపాలన్నీ వీటి నుంచే వస్తాయి) చూపించే నిఘంటువు. లిడెల్, స్కాట్‌ల నిఘంటువు పర్సియస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.
- "లూఓ" అంటే విప్పుతున్నాను. ఈ క్రియకున్న ఆరు మూలరూపాలు నోటికి రావాలి: లూఓ, లూసో, ఎలూస, లెలుక, లెలుమై, ఎలుథేన్.
- కాగితం, పెన్ను. రూపాన్ని ముక్కలుగా విడగొట్టి రాయకుండా కంటితో చూసి చెప్పేయడం మొదట్లో కుదరదు.

ఆరు మూలరూపాల్లో నాలుగోది కర్తరి పర్ఫెక్ట్, ఐదోది మధ్యమ-కర్మణి పర్ఫెక్ట్. మధ్యమం అంటే పని ఫలితం చేసినవాడికే తగిలే రూపం; పర్ఫెక్ట్‌లో దానికీ కర్మణికీ రూపం ఒకటే. మనకు కావలసినవి ఈ రెండే. నిఘంటువు తెరవగానే కళ్ళు నేరుగా అక్కడికే వెళ్ళాలి.

గ్రీకు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునే అలవాటు ఉంటే మానేయండి. తెలుగు లిపి దీనికి ఎంతో అనువు. గ్రీకులో ఎప్సిలాన్ హ్రస్వం, ఏటా దీర్ఘం. మనకు ఎ, ఏ ఉన్నాయి. ఒమిక్రాన్, ఒమేగాలకు ఒ, ఓ ఉన్నాయి. ప్రాచీన ఉచ్చారణలో ఫీ, థీటా, ఖీ అనే మూడూ ఒత్తక్షరాలే: ఫ, థ, ఖ. హిందీవాళ్ళకు హ్రస్వ ఎ, ఒ విడిగా రాసే వీలు లేదు, ఇంగ్లీషులో అసలు తేడాయే కనబడదు. పర్ఫెక్ట్‌ను పట్టుకోవడానికి ఈ హ్రస్వ "ఎ" చాలా ముఖ్యం. ఎందుకో మూడో, నాలుగో భాగాల్లో తెలుస్తుంది.

2. ముందు అర్థం చేసుకోవలసిన తేడా

గ్రీకులో జరిగిపోయిన పనిని చెప్పడానికి మామూలుగా వాడేది అయోరిస్ట్. ఫలానా పని జరిగింది, అంతే. పర్ఫెక్ట్ దృష్టి వేరు. పని జరిగిపోయింది, దాని వల్ల వచ్చిన స్థితి మాట్లాడే క్షణంలో ఉంది. చూపు ఆ స్థితి మీదే ఉంటుంది.

ఈ తేడా పక్కపక్కనే కనబడే చోటు మార్కు సువార్త 15:44. యేసు దేహాన్ని ఇమ్మని అరిమతయి యోసేపు అడిగినప్పుడు పిలాతు ఆశ్చర్యపోతాడు. అక్కడి క్రియ తెథ్నేకెన్, పర్ఫెక్ట్: అప్పుడే చనిపోయి ఉన్నాడా? వెంటనే శతాధిపతిని పిలిచి అడిగిన ప్రశ్నలోని క్రియ అపెథనెన్, అయోరిస్ట్: చనిపోయాడా? మొదటిది మనిషి ఇప్పుడున్న స్థితి గురించిన ఆశ్చర్యం. రెండోది జరిగిన సంఘటన గురించిన విచారణ. విషయం ఒకటే అయినా ఆశ్చర్యానికి ఒక రూపం, విచారణకు ఒక రూపం వచ్చాయి.

కొరింథీయులకు రాసిన మొదటి లేఖ 15వ అధ్యాయం 3, 4 వచనాల్లో ఇంకో మంచి వరస ఉంది. అపెథనెన్, చనిపోయాడు: అయోరిస్ట్. ఎతఫే, పాతిపెట్టారు: అయోరిస్ట్. ఎగేగెర్తై, లేపబడి ఉన్నాడు: పర్ఫెక్ట్. మొదటి రెండూ జరిగి ముగిసిన సంఘటనలు, మూడోది ఇంకా నిలిచి ఉన్న స్థితి. వాడుకలో ఉన్న తెలుగు బైబిల్లో మూడూ "మృతిపొందెను", "సమాధిచేయబడెను", "లేపబడెను" అని ఒకే ముగింపుతో ఉంటాయి. అనువాదం తప్పని కాదు. ఈ తేడా మాత్రం అనువాదంలో కనబడదు, మూలంలోనే చూడాలి.

3. రూపాన్ని విప్పడం: ఐదు మెట్లు

మెట్టు 1: ముందు ఉపసర్గ ఉందేమో చూడండి.

అపొ, అన, కత, సున్, ఎక్ లాంటివి క్రియ ముందు అతుక్కుని వస్తాయి. పర్ఫెక్ట్ గుర్తు (ధాతువు మొదటి హల్లును రెట్టించడం, వివరం తర్వాతి మెట్టులో) ఉపసర్గకు, ధాతువుకు మధ్యలో ఉంటుంది. అపొలెలుసై చూడండి. అపొ తీసేస్తే లెలుసై మిగిలింది. ఇప్పుడు గుర్తు మొదట్లోకి వచ్చింది. అనబెబేకలో అన తీసేస్తే బెబేక. ఈ మెట్టు దాటేసినవాళ్ళకు గుర్తు కనబడదు, అందుకని "ఇది పర్ఫెక్ట్ కాదు" అని తేల్చేస్తారు.

మెట్టు 2: ద్విరుక్తి వెతకండి.

ధాతువు మొదటి హల్లు, దానికి హ్రస్వ ఎ, ఆ తర్వాత అసలు ధాతువు. లూఓకు లె-లుక, గ్రఫో (రాస్తున్నాను)కు గె-గ్రప్తై, తెలెఓ (ముగిస్తున్నాను)కు తె-తెలెస్తై, సోజో (రక్షిస్తున్నాను)కు సె-సోక.

ఒత్తక్షరంతో మొదలైతే ముందుకొచ్చే హల్లు ఒత్తు పోగొట్టుకుంటుంది. ఫిలెఓకు పె-ఫిలేకతె, "మీరు ప్రేమించి ఉన్నారు". చనిపోవడానికి తె-థ్నేకెన్. ఖ అయితే క.

సంస్కృతం కాస్త వచ్చినవాళ్ళకు ఇక్కడ ఏదో గుర్తుకు రావాలి. భూ ధాతువుకు లిట్ లకారంలో బభూవ, ధాకు దధౌ. అదే సూత్రం: భ ముందు బ, ధ ముందు ద. గ్రీకు గెగొన, సంస్కృత జజాన ఒకే మూలం నుంచి వచ్చిన రూపాలు. ద్విరుక్తి లేని పర్ఫెక్ట్ కూడా రెండు భాషల్లో జంటగానే ఉంది: గ్రీకులో ఒయ్‌ద, సంస్కృతంలో వేద. రెంటికీ అర్థం "నాకు తెలుసు". అయితే రూపం చుట్టమైనంత మాత్రాన అర్థం కూడా ఒకటే అనుకోకండి. పాణిని లిట్‌ను పరోక్షమైన, అంటే చెప్పేవాడు చూడని, గతానికి చెప్పాడు. గ్రీకు పర్ఫెక్ట్‌కు చూడటంతో, చూడకపోవడంతో సంబంధం లేదు.

ద్విరుక్తి మామూలుగా కనబడని సందర్భాలు ఇవి:

- రెండు హల్లులతో గానీ, జేటా లాంటి జంట హల్లుతో గానీ మొదలైతే చాలాసార్లు హల్లు రాదు, ఉత్త "ఎ" వస్తుంది. స్తఉరొఓకు ఎస్తఉరోమై. జేతెఓకు ఎజేతేక.
- రెండు హల్లుల్లో మొదటిది క, గ, త, ద, ప, బ లాంటి స్పర్శం, రెండోది ల లేదా ర అయితే మామూలు ద్విరుక్తే. గ్రఫో ఈ కోవలోదే.
- గ్న వస్తే మళ్ళీ ఉత్త ఎ: గిగ్నోస్కోకు ఎగ్నోక.
- అచ్చుతో మొదలైతే ఆ అచ్చు దీర్ఘమవుతుంది. అగపఓకు ఏగపేక.
- కొన్ని అచ్చు ధాతువులు మొదటి అచ్చును, హల్లును కలిపి రెట్టించి, ఆ తర్వాతి అచ్చును దీర్ఘం చేస్తాయి. అకూఓకు అకేకొఅ. ఎగెయ్‌రోకు ఎగేగెర్తై. వచ్చాననే అర్థంలో ఎలేలుథ కూడా ఇలాంటిదే.

మెట్టు 3: చివర చూడండి.

కర్తరిలో: -క, -కస్, -కెన్, -కమెన్, -కతె, -కాసిన్.
మధ్యమ-కర్మణిలో: -మై, -సై, -తై, -మెథ, -స్థె, -ంతై.

ఒక్కో వరసలో మొదటి మూడూ ఏకవచనం, తర్వాతి మూడూ బహువచనం. క్రమం నేను, నువ్వు, అతడు. తెతెలెస్తై చివర -తై ఉంది కాబట్టి అది ప్రథమ పురుష ఏకవచనం, మధ్యమ-కర్మణి.

కొన్ని కర్తరి పర్ఫెక్ట్‌లలో క ఉండదు. గెగొన, ఎలేలుథ, అకేకొఅ, పెపొయ్‌థ, గెగ్రఫ. వీటికి నియమం వెతక్కండి, విడిగా గుర్తుపెట్టుకోండి. ఎక్కువగా వచ్చేవి డజను కూడా ఉండవు.

క్రియావిశేషణంగానో, విశేషణంగానో వచ్చే రూపాలకు కర్తరిలో -కోస్, -కొస్ లాంటి చివరలు, కర్మణిలో -మెనొస్ ఉంటాయి. తుమర్థకానికి -కెనై, -స్థై.

మెట్టు 4: మధ్యలో అచ్చు చేరిందా చూడండి.

వర్తమానంలో ధాతువుకు, చివరకు మధ్య ఒక అచ్చు వస్తుంది: లూ-ఎ-తై, లూ-ఒ-మెనొస్. మధ్యమ-కర్మణి పర్ఫెక్ట్‌లో ఆ అచ్చు రాదు: లెలు-తై, లెలు-మెనొస్. ద్విరుక్తి అనుమానంగా ఉన్నప్పుడు ఈ పరీక్షతోనే తేలిపోతుంది.

అచ్చు లేకపోవడం వల్ల హల్లుకు హల్లు తగిలి సంధి జరుగుతుంది. గ్రఫ్‌కు తై చేరితే ఫ ఒత్తు పోయి గెగ్రప్తై. మై చేరితే గెగ్రమ్మై. సై చేరితే గెగ్రప్సై. ధాతువు చివరి హల్లు మారిపోయిందని కంగారు పడనక్కర్లేదు.

మెట్టు 5: ధాతువును నిఘంటువులో సరిచూసుకోండి.

ద్విరుక్తినీ చివరనూ తీసేస్తే మిగిలిన ముక్కను పట్టుకుని వెతకండి. నాలుగో, ఐదో మూలరూపంతో పోలిస్తేనే పని పూర్తయినట్టు. తెతెలెస్తైలో మిగిలింది తెలెస్. నిఘంటువులో అది తెలెఓ. మధ్యలో ఉన్న స్ కొన్ని ధాతువులకు తై ముందు వచ్చి చేరేదే.

కాగితం మీద ఇలా రాసుకోండి: తెలెఓ, పర్ఫెక్ట్, నిశ్చయార్థకం (ఉన్నదున్నట్టు చెప్పే రూపం), మధ్యమ-కర్మణి, ప్రథమ పురుష, ఏకవచనం. ఈ ఆరూ నిండకుండా ముందుకు వెళ్ళవద్దు.

4. మోసం చేసే రూపాలు

ఒకటి, వర్తమానంలోనూ ద్విరుక్తి ఉన్న క్రియలు. దిదోమి (ఇస్తున్నాను), తిథేమి (పెడుతున్నాను), గిగ్నొమై (అవుతున్నాను). ఇక్కడ ముందుకొచ్చిన హల్లుకు "ఇ" ఉంది. పర్ఫెక్ట్‌కు "ఎ". దిదోమి వర్తమానం, దెదోక పర్ఫెక్ట్. తిథేమి వర్తమానం, తెథెయ్‌క పర్ఫెక్ట్. మొదటి భాగంలో హ్రస్వ ఎ గురించి చెప్పింది ఇందుకే.

రెండు, "క" ఉన్న అయోరిస్ట్‌లు. ఎదోక (ఇచ్చాను), ఎథేక (పెట్టాను). చివర క చూడగానే పర్ఫెక్ట్ అనేస్తారు. ముందున్న ఎ ద్విరుక్తి కాదు, సంస్కృతంలో "అగచ్ఛత్" ముందున్న అ లాంటి ఆగమం. ఈ క్రియలకు ద్విరుక్తి ఉంటేనే పర్ఫెక్ట్.

మూడు, ఎస్తఉరో- లాంటి రూపాలు. ఇక్కడ ఎ ద్విరుక్తికి బదులొచ్చిందా, గతకాలపు ఆగమమా అన్నది మొదట్లో చూస్తే తెలియదు. చివర చూడాలి. ఆగమం నిశ్చయార్థకంలోనే ఉంటుంది, -మెనొస్ రూపాల్లో ఉండదు. కాబట్టి ఎస్తఉరోమెనొస్‌లో ఎ కనబడిందంటే అది పర్ఫెక్టే: "సిలువ వేయబడి ఉన్నవాడు".

నాలుగు, యురేకా. ఆర్కిమెడీస్ స్నానపు తొట్టి కథను చెప్పిన రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ తన లాటిన్ పుస్తకంలో ఈ ఒక్క మాటను గ్రీకులోనే ఉంచాడు. గ్రీకులో అది హెఉరేక. హెఉరిస్కో అనే క్రియకు కర్తరి పర్ఫెక్ట్, ఉత్తమ పురుష ఏకవచనం. సంధ్యక్షరంతో మొదలవడం వల్ల ద్విరుక్తి బయటికి కనబడదు. -ఏక అనే చివరే ఆధారం. "కనుక్కున్నాను" అంటే హెఉరొన్ అనే అయోరిస్ట్ కూడా ఉంది. హెఉరేక అన్నవాడు వెతుకులాట ముగిసిందనీ, సమాధానం ఇప్పుడు తన చేతిలో ఉందనీ అంటున్నాడు.

ఇదే క్రియ అయోరిస్ట్‌గా లూకా 15:6లో ఉంది. తప్పిపోయిన గొర్రెను తెచ్చుకున్న కాపరి హెఉరొన్ అంటాడు, దొరికిన సంఘటన చెబుతాడు. అదే వాక్యంలో ఆ గొర్రెకు వాడిన విశేషణం అపొలోలొస్, పర్ఫెక్ట్: "తప్పిపోయి ఉన్నది".

5. తెలుగులో పెట్టడం

ఇంగ్లీషు మీదుగా వెళ్ళకండి. ఇంగ్లీషులో దీనికి దగ్గరగా కనిపించే రూపం స్థితి కంటే పని జరగడాన్నే ఎక్కువగా చెబుతుంది. తెలుగులో సరాసరి సరిపోయే నిర్మాణం ఉంది: క్త్వార్థకం, దానికి "ఉండు". కూర్చుని ఉన్నాడు, వచ్చి ఉన్నారు, రాసి ఉంది, తలుపు తీసి ఉంది. "తలుపు తీశారు" అన్నది సంఘటన, "తలుపు తీసి ఉంది" అన్నది స్థితి. గ్రీకు పర్ఫెక్ట్ రెండో దాని వైపే ఉంటుంది.

గెగ్రప్తైకి పాత తెలుగు బైబిల్ అనువాదకులు "వ్రాయబడియున్నది" అని పెట్టారు. నా లెక్కలో ఇంతకంటే చక్కగా పెట్టడం కష్టం. ఎప్పుడో రాశారు, ఆ రాత ఇప్పటికీ ఉంది, ఇప్పటికీ చెల్లుతుంది. వాడుక భాషలో అయితే "రాసి ఉంది", ఇంకా గట్టిగా కావాలంటే "రాసి పెట్టి ఉంది".

పద్ధతి ఇది:

- ముందు "ఉంది, ఉన్నాడు, ఉన్నాను" చేర్చి ముతకగా ఒక వాక్యం రాయండి. అందంగా ఉండనక్కర్లేదు.
- ఆ స్థితి ఎవరిది అని అడగండి. కర్తదా, కర్మదా?
- కర్తదైతే "ఉన్నాడు" సరిపోతుంది. కెకొయ్‌మేతై: నిద్రపోయి ఉన్నాడు.
- కర్తరిలో ఉన్నా స్థితి కర్మదైతే "ఉన్నాడు" కృతకంగా ఉంటుంది. అప్పుడు "ఏశాను", "పెట్టాను" లాంటి సహాయక క్రియలు చూడండి. యోహాను 19:22లో, సిలువకు పెట్టిన పలక మీది రాత మార్చమన్న యాజకులకు పిలాతు చెప్పిన జవాబులో గెగ్రఫ రెండుసార్లు వస్తుంది. "రాసిందేదో రాసేశాను" అంటే ఆ మొండితనం తెలుగులో వినబడుతుంది.
- చివరగా వాక్యాన్ని సహజంగా మార్చండి. "ఉంది" తీసేస్తే అర్థం చెడకపోతే తీసేయవచ్చు.

ఒక జాగ్రత్త: "ఉంటాడు" వాడకండి. "వచ్చి ఉంటాడు" అంటే తెలుగులో ఊహ, బహుశా వచ్చాడేమోనని. గ్రీకు పర్ఫెక్ట్‌లో ఆ అనుమానం లేదు.

వ్యతిరేకార్థంలో ఇంకో చిక్కు ఉంది. "ఎక్కి లేను" అని తెలుగులో అనం. యోహాను 20:17లో ఊపో, అనబెబేక కలిసి వస్తాయి. ఊపో అంటే "ఇంకా కాదు". "నేనింకా ఎక్కిపోలేదు" అనాలి. స్థితిని చెప్పే బరువంతా "ఇంకా" అన్న మాట మోస్తుంది.

కొన్ని పర్ఫెక్ట్‌లు పూర్తిగా వర్తమానంగానే అనువదించాలి. ఒయ్‌ద: తెలుసు. హెస్తేక: నిలబడి ఉన్నాను. మెమ్నేమై: గుర్తుంది. పెపొయ్‌థ: నమ్మకం ఉంది. ప్రకటన గ్రంథం 3:20లో తలుపు దగ్గర హెస్తేక అన్నవాడు ఎప్పుడో నిలబడ్డానని చెప్పడం లేదు, ఇప్పుడు నిలబడి ఉన్నానంటున్నాడు. పక్కనే ఉన్న "తడుతున్నాను" ఎలాగూ వర్తమానమే.

స్థితి గతంలో ఉంటే దానికి వేరే రూపం ఉంది, ప్లూపర్ఫెక్ట్. మత్తయి 7:25లో బండ మీద కట్టిన ఇంటి గురించి తెథెమెలిఓతొ అంటారు: దాని పునాది బండ మీద వేసి ఉండింది. విప్పే మెట్లు ఇవే, చివరలు మాత్రం వేరు.

6. తెతెలెస్తై దగ్గరికి వద్దాం

రూపం తేలింది. ఇక అర్థం. మొదటి ప్రశ్న: కర్త ఎవరు? 30వ వచనంలో కర్త చెప్పలేదు. రెండు వచనాలు వెనక్కి వెళ్ళండి. 28లో ఇదే క్రియారూపం ఉంది, అక్కడ కర్త పంత, "అన్నీ". అన్నీ బహువచనం కదా, క్రియ ఏకవచనమేమిటి అనే అనుమానం రావడం సహజం. గ్రీకులో నపుంసక బహువచన కర్తకు ఏకవచన క్రియ వస్తుంది. మన గ్రాంథికంలో "అది వచ్చెను, అవి వచ్చెను" అని రెంటికీ ఒకే క్రియ రావడం లాంటిదే.

28లో ఏదే, అంటే "అప్పటికే", అన్న మాట కూడా ఉంది. అన్నీ అప్పటికే ముగిసి ఉన్నాయని తెలిసి ఆయన దప్పిక అన్నాడు. ఆ తర్వాత తెతెలెస్తై అన్నాడు. అంటే 30లోని మాట కొత్త సంఘటనను ప్రకటించడం లేదు, నిలిచి ఉన్న స్థితిని పైకి చెబుతోంది. తెలుగు బైబిల్లో "సమాప్తమైనది" అని ఉంది. మన ముతక వాక్యం: "ముగిసి ఉంది".

ఇక ఎక్కువగా వినబడే మాట: "తెతెలెస్తై అంటే అప్పు పూర్తిగా చెల్లించబడింది అని అర్థం, ఆ కాలపు రసీదుల మీద ఈ ముద్ర ఉండేది." దీన్ని ఎలా పరీక్షించాలో చూద్దాం.

తెలెఓకు "చెల్లించు" అనే అర్థం నిజంగానే ఉంది. మత్తయి 17:24లో పన్ను కట్టడం గురించి ఈ క్రియే వాడారు. కాబట్టి అర్థం అసాధ్యం కాదు. కానీ రసీదుల సంగతి వేరు. ఈజిప్టులో దొరికిన సుంకపు రసీదుల మీద తరచు కనిపించేది తెతెల్ అనే పొట్టి రాత. పూర్తి మాట ఉన్నచోట అది తెతెలోనేతై, "సుంకం కట్టబడి ఉంది". ఇది వేరే క్రియ. తెలోనేస్ అంటే సుంకరి, ఆ మాటకు చెందిన క్రియ. ఆ పొట్టి రాతను పట్టుకుని యోహాను మాటకు అర్థం చెప్పడం కుదరదు. యోహాను వాక్యంలో అప్పు ప్రస్తావనా లేదు, రసీదు ప్రస్తావనా లేదు. రెండు వచనాల ముందు "అన్నీ" ఉంది. ప్రసంగంలో చెల్లింపు గురించి చెప్పాలనుకుంటే చెప్పండి, దానికి ఆధారంగా వేరే వచనాలున్నాయి. ఈ రూపం మీద మాత్రం ఆ భారం వేయకండి.

7. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి విరుగుడు

"పర్ఫెక్ట్ అంటే ఫలితం శాశ్వతంగా నిలుస్తుంది." ఇది పర్ఫెక్ట్ చెప్పని విషయం. మాట్లాడే సమయంలో స్థితి ఉందని మాత్రమే అది చెబుతుంది. యోహాను 11లో చనిపోయిన లాజరు గురించి కెకొయ్‌మేతై (నిద్రపోయి ఉన్నాడు) అన్నారు, ఆ అధ్యాయం ముగిసేలోపే అతను లేచి బయటికి వచ్చాడు. శాశ్వతత్వం కావాలంటే సందర్భం చెప్పాలి.

"పర్ఫెక్ట్ ఉంటే ప్రత్యేకం, అయోరిస్ట్ ఉంటే మామూలు." ఇదీ కాదు. పునరుత్థానానికి పౌలు ఎగేగెర్తై అని పర్ఫెక్ట్ వాడితే, మార్కు 16:6లో దూత అదే విషయాన్ని ఏగెర్థే అని అయోరిస్ట్‌లో చెప్పాడు. రచయిత దేని మీద చూపు పెట్టాడన్నదే తేడా.

"ప్రతి పర్ఫెక్ట్‌లోనూ స్థితి వెతకాలి." కొన్నిచోట్ల అది మామూలు కథనంలా వస్తుంది. మత్తయి 13:46లో ముత్యాల వర్తకుడు "అమ్మేసి, కొన్నాడు". అమ్మడానికి పెప్రాకెన్, పర్ఫెక్ట్, కొనడానికి అయోరిస్ట్. ప్రకటన 5:7లో "వచ్చి, తీసుకున్నాడు": తీసుకోవడానికి ఎయ్‌లేఫెన్, పర్ఫెక్ట్. పక్కన అయోరిస్ట్ ఉండి, కథ ముందుకు నడుస్తుంటే బలవంతంగా "ఉంది" చేర్చకండి.

చతుర్థిని చూసి పొరబడటం. కర్మణి పర్ఫెక్ట్ పక్కన "అతనికి" అనే చతుర్థి వస్తే అది చేసినవాణ్ణి చెప్పవచ్చు. లూకా 23:15లో పెప్రగ్మెనొన్ అఉతో అని ఉంది. "అతనికి చేయబడింది" అని కాదు, "అతను చేసింది" అని. తెలుగులో "కి, కు" అర్థం వేరు కాబట్టి ఇక్కడ మనవాళ్ళు త్వరగా పడిపోతారు.

రెండు మాటల పర్ఫెక్ట్‌ను గుర్తించకపోవడం. ఎఫెసీయులకు 2:8లో ఎస్తె, సెసోస్మెనొయ్ కలిసి ఒకే క్రియ: "మీరు రక్షింపబడి ఉన్నారు". -మెనొస్ రూపం పక్కన "ఉండు" క్రియ కనిపిస్తే రెంటినీ కలిపి చదవండి.

8. చేత్తో చేసి చూడండి

కింద ఏడు రూపాలున్నాయి. ముందు కాగితం మీద విడగొట్టండి, తర్వాతే జవాబులు చూడండి.

క) దెదోకెన్
చ) తిథేసి
ట) ఎస్తఉరోమెనొన్
త) అపొలెలుసై
ప) పెపిస్తెఉక
య) ఎథేకెన్
స) హెస్తేకెన్

ఒక్కోదానికి అడగవలసినవి:

- ఉపసర్గ తీశానా?
- ముందుకొచ్చిన అచ్చు ఎ నా, ఇ నా?
- చివర కర్తరిదా, మధ్యమ-కర్మణిదా?
- నిఘంటువులో నాలుగో, ఐదో మూలరూపంతో కలిసిందా?
- ముతక తెలుగు వాక్యం రాశానా?

జవాబులు:

క) దిదోమి పర్ఫెక్ట్: ఇచ్చి ఉన్నాడు, ఇచ్చేశాడు.
చ) పర్ఫెక్ట్ కాదు. ఇ ఉంది, తిథేమి వర్తమానం: పెడుతున్నాడు.
ట) పర్ఫెక్ట్ కర్మణి విశేషణం, ద్వితీయా విభక్తి: సిలువ వేయబడి ఉన్నవాణ్ణి. మొదటి కొరింథీయులకు 2:2లో ఇదే రూపం.
త) అపొ తీస్తే లెలుసై, మధ్యమ పురుష ఏకవచనం: విడుదలై ఉన్నావు. లూకా 13:12లో నడుము వంగిపోయిన స్త్రీతో అన్న మాట.
ప) పిస్తెఉఓ పర్ఫెక్ట్: నమ్మి ఉన్నాను. యోహాను 11:27లో మార్త జవాబు. "నమ్మాను" అంటే ఎప్పుడో నమ్మినట్టు, "నమ్ముతున్నాను" అంటే ఇప్పుడే మొదలైనట్టు ఉంటుంది. "నమ్ముతూనే ఉన్నాను" అనడం కొనసాగుతున్న పనిని చెబుతుంది, స్థితిని కాదు. నేనైతే "నాకు నమ్మకం కుదిరింది" అంటాను.
య) పర్ఫెక్ట్ కాదు. క ఉన్న అయోరిస్ట్: పెట్టాడు.
స) హిస్తేమి పర్ఫెక్ట్, వర్తమానార్థం: నిలబడి ఉన్నాడు. యాకోబు 5:9లో న్యాయాధిపతి తలుపుల ముందు ఉన్నది ఈ రూపంతోనే.

చ, య రెండూ తప్పితే నాలుగో భాగం మళ్ళీ చదవండి. ట తప్పితే మెట్టు 2లోని జాబితా చూడండి. ప రూపం సరిగ్గా విప్పి, తెలుగు వాక్యం దగ్గర తడబడితే దిగులు పడనక్కర్లేదు, ఆ రూపానికి సరైన తెలుగు దొరకబుచ్చుకోవడం నిజంగానే కష్టం.